కంటైనర్ లోపల షెల్ తెరవాలంటే ఏ దారిన పోవాలి?

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం కావలి నుంచి మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, కంటైనర్ లోపలికి పోయి చూద్దామని డాకర్ అటాచ్ కొట్టా. స్క్రీన్ మీద ఏం రాలా. సరే బయటికొద్దామని కంట్రోల్ సీ కొట్టా. ఇప్పుడు సైటే రావట్లా. ఏందన్నా ఇది?" గొంతులో వణుకు తెలుస్తానే ఉంది. అది టెస్ట్ సర్వరే, రైతుల లెక్కలేవీ పోలేదు. కాకపోతే సరిగ్గా అదే సమయానికి ఒంగోలులో ఇంకో కుర్రాడు దాని మీదే డెమో చూపిస్తున్నాడు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. కంటైనర్ అంటే ఒక ప్రోగ్రామ్‌నీ దానికి కావలసినవన్నీ కలిపి డాకర్ అనే సాఫ్ట్‌వేర్ నడిపే పెట్టె, షెల్ అంటే ఆదేశాలు కొట్టే చోటు. ఆ పెట్టె లోపలికి పోయే దారులు ఐదారున్నాయి. పేర్లు వింటే అన్నీ ఒకటే అనిపిస్తాయి. ఏది ఎప్పుడు వాడాలో మేమెవరం తనని కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ రాత్రి తనకి చెప్పిందీ, ఆ తర్వాత మిగతావాళ్ళకి చెప్తూ వచ్చిందీ ఇక్కడ రాస్తున్నాను. ఆదేశాలను మనం పలికే తీరులోనే రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు మాత్రం, పెద్ద అక్షరం అని చెప్పిన చోట తప్ప, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

మేం చేసేది రొయ్యల చెరువుల లెక్కలు చూసే అప్లికేషన్. ఏ చెరువుకి ఎంత మేత పడింది, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుంది, ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, ఇట్టాంటివన్నీ. వెబ్ ఒక కంటైనర్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇంకో కంటైనర్, రెండింటినీ ఒకే ఫైల్లో రాసుకుని డాకర్ కంపోజ్ అనే పనిముట్టుతో లేపుతాం. నెల్లూరులో ఇద్దరు, ఒంగోలులో ఇద్దరు, కావలిలో ఒకరు. అందరి లాప్‌టాప్‌లూ వేరు, పెట్టె మాత్రం ఒకటే.

ముందు చూసుకోవాల్సింది ఒక్కటే: ఆ పెట్టె ఇప్పుడు నడుస్తోందా, పడిపోయిందా? డాకర్ కంపోజ్ పీఎస్ -ఏ కొడితే తెలిసిపోతుంది. నడుస్తుంటే ఎగ్జెక్. లేవగానే పడిపోతుంటే రన్. రోజంతా లోపలే కూర్చుని కోడ్ రాయాలంటే డెవ్ కంటైనర్. నూటికి తొంభై సార్లు ఈ మూడింటితోనే పని అయిపోతుంది.

నడుస్తున్న పెట్టెలోకి: ఎగ్జెక్

చెరువు గట్ల మీద తిరిగినవాళ్ళకి చెక్ ట్రే తెలుసు. నీళ్ళు తోడకుండా, రొయ్యల్ని కదిలించకుండా ట్రే పైకి లాగి మేత ఎంత తిన్నాయో, ఎంత మిగిలిందో చూసి మళ్ళీ దించేస్తారు. ఎగ్జెక్ చేసేది అదే. నడుస్తున్న ప్రోగ్రామ్ జోలికి పోకుండా దాని పక్కన ఇంకో ప్రాసెస్‌గా షెల్‌ని తెరుస్తుంది. అందులో ఎగ్జిట్ కొట్టినా, కంట్రోల్ సీ కొట్టినా పోయేది ఆ షెల్ లేదా అందులో నడిచే ఆదేశమే. అసలు సర్వర్ తన మానాన తాను నడుస్తుంటుంది.

అటాచ్ అట్టా కాదు. అది కొత్త షెల్‌ని తెరవదు. కంటైనర్‌లో ఒకటో నంబర్ ప్రాసెస్‌కి, అంటే అసలు సర్వర్‌కే, మన కీబోర్డునీ స్క్రీన్‌నీ తగిలిస్తుంది. సర్వర్ ఏదైనా ప్రింట్ చేసేదాకా స్క్రీన్ ఖాళీగానే ఉంటుంది. కంట్రోల్ సీ కొడితే ఆ సంకేతం నేరుగా సర్వర్‌కి పోతుంది, చాలా సర్వర్లు అది అందగానే దుకాణం కట్టేస్తాయి. కావలి అమ్మాయికి జరిగింది అదే. అటాచ్ నుంచి మెల్లగా బయటపడే కీలు కంట్రోల్ పీ, కంట్రోల్ క్యూ. అవి కూడా -ఐ, -టీ రెండూ పెట్టి మొదలుపెట్టిన కంటైనర్‌లోనే పనిచేస్తాయి. కోడ్ మధ్యలో బ్రేక్‌పాయింట్ పెట్టుకుని డీబగ్గర్‌తో మాట్లాడాల్సి వచ్చినప్పుడు తప్ప అటాచ్‌ని నేను ముట్టుకోను, మా పిల్లలకీ అదే చెప్పాను.

ఎగ్జెక్‌లో రెండు రకాలున్నాయి. డాకర్ ఎగ్జెక్‌కి కంటైనర్ పేరు గానీ ఐడీ గానీ ఇవ్వాలి, -ఐటీ మనమే పెట్టాలి. ఐ అంటే కీబోర్డు దారి తెరిచి ఉంచడం, టీ అంటే టెర్మినల్ ఇవ్వడం. ఐ మరిచిపోతే ప్రాంప్ట్ కనబడుతుంది గానీ మనం కొట్టింది లోపలికి చేరదు. టీ మరిచిపోతే ప్రాంప్టే రాదు, ఏదో ఇరుక్కుపోయిందని కంగారు పడతాం. డాకర్ కంపోజ్ ఎగ్జెక్‌కి ఈ బాధ లేదు. టెర్మినల్ తనే ఇస్తుంది, కంపోజ్ ఫైల్లో రాసుకున్న సర్వీస్ పేరు చెప్తే చాలు:

డాకర్ కంపోజ్ ఎగ్జెక్ వెబ్ బాష్

ప్రాజెక్ట్‌లో కంపోజ్ ఫైల్ ఉంటే ఇదే వాడండి. వెబ్, డీబీ అనే పేర్లు ఐదుగురి మెషీన్లలోనూ ఒకటే. కంటైనర్ల పూర్తి పేర్లు ఫోల్డర్ పేరుని బట్టి మారిపోతుంటాయి కాబట్టి ఒకరు పంపిన డాకర్ ఎగ్జెక్ ఆదేశం ఇంకొకరి దగ్గర పనిచేయకపోవచ్చు.

టెర్మినల్ తనే ఇవ్వడం ఒకచోట అడ్డమొస్తుంది. పోస్ట్‌గ్రెస్ డంప్‌ని, అంటే డేటాబేస్ నకలుని, ఫైల్లోకి మళ్ళించేటప్పుడు మధ్యలో టెర్మినల్ ఉంటే లైన్ల చివర అదనపు గుర్తులు చేరి ఫైల్ చెడిపోవచ్చు. వేళకి తనంతట తనే ఆదేశాలు నడిపే క్రాన్‌లో పెడితే ఇన్‌పుట్ డివైస్ టీటీవై (అంటే టెర్మినల్) కాదని మొండికేయొచ్చు. రెండింటికీ మందు పెద్ద అక్షరంలో -టీ. డాకర్ ఎగ్జెక్‌లో చిన్న టీ టెర్మినల్ ఇమ్మని అడుగుతుంది, కంపోజ్ ఎగ్జెక్‌లో పెద్ద టీ వద్దని చెప్తుంది. ఈ రెండూ కలగాపులగం కాకుండా చూసుకోండి.

విండోస్‌లో గిట్ బాష్ వాడేవాళ్ళకి అదే టీటీవై గొడవ ఇంకో రూపంలో వస్తుంది, ఆదేశం ముందు విన్‌పీటీవై తగిలించమని అదే చెప్తుంది. అంతకంటే విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ టెర్మినల్‌లోంచి కొట్టడం సుఖం.

ఇంకో చిన్న చికాకు. ఎగ్జెక్ షెల్‌లో పాత ఆదేశం కోసం కంట్రోల్ పీ నొక్కితే మొదటిసారి ఏమీ జరగదు, రెండోసారి నొక్కితే గానీ కదలదు. పైన చెప్పిన కంట్రోల్ పీ, కంట్రోల్ క్యూ జంట కోసం డాకర్ కాచుకుని కూర్చుంటుంది మరి. హోమ్‌లో డాకర్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో డిటాచ్ కీస్ అనేదాన్ని వేరే జంటకి మార్చుకుంటే ఈ పీడ వదులుతుంది.

ఎగ్జెక్‌ని నమ్ముకున్నవాళ్ళు తప్పక తెలుసుకోవాల్సిన లోటు ఒకటుంది. ఎగ్జెక్ ఎంట్రీపాయింట్ స్క్రిప్ట్‌ని, అంటే కంటైనర్ లేవగానే మొదట నడిచేదాన్ని, మళ్ళీ నడపదు. మా వెబ్ కంటైనర్‌లో డేటాబేస్ చిరునామాని ఎంట్రీపాయింటే ముక్కలు కూర్చి ఎక్స్‌పోర్ట్ చేసేది. సర్వర్‌కి అది అందేది, కానీ ఎగ్జెక్‌తో లోపలికి పోయి చూస్తే ఆ వేరియబుల్ ఖాళీ. నెల్లూరు కుర్రాడొకడు దీని మీద ఒక పూట పోగొట్టుకున్నాడు. "యాప్‌కి డేటాబేస్ దొరుకుతాంది, నాకెందుకు దొరకదన్నా?" అని. కంపోజ్ ఫైల్లో రాసినవీ, ఇమేజ్‌లో (కంటైనర్ పుట్టే అచ్చులో) ఉన్నవీ మాత్రమే ఎగ్జెక్ షెల్‌కి వస్తాయి. స్క్రిప్ట్ మధ్యలో పుట్టినవి రావు. ఆ స్క్రిప్ట్ చివర్లో షెల్‌కి సొంతమైన ఎగ్జెక్ ఆదేశంతో (డాకర్ ఎగ్జెక్ కాదు) అసలు ప్రోగ్రామ్‌కి పగ్గాలు అప్పజెప్తే, ప్రోక్ కింద ఒకటో నంబర్ ఫోల్డర్‌లో ఎన్విరాన్ అనే ఫైల్ తెరిచి చూడండి. సర్వర్‌కి నిజంగా ఏం అందిందో అక్కడుంటుంది.

లేవగానే పడిపోతుంటే: రన్

ఎగ్జెక్‌కి నడుస్తున్న కంటైనర్ కావాలి. అది మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే, నడిచేదాకా ఆగమంటుంది. మనక్కావలసిందేమో అది ఎందుకు నడవట్లేదో తెలుసుకోవడం. ఇక్కడే డాకర్ కంపోజ్ రన్. ఇది అదే ఇమేజ్ నుంచి కొత్త కంటైనర్ ఒకటి పుట్టించి, అందులో మనం చెప్పిన ఆదేశం నడుపుతుంది.

ఒంగోలు కుర్రాడు కొత్త లాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ దించుకున్న రోజు వెబ్ కంటైనర్ లేవలేదు. లాగ్‌లో ఒకటే లైను: ఎంట్రీపాయింట్ డాట్ ఎస్‌హెచ్, అటువంటి ఫైల్ లేదు. ఫైల్ కళ్ళెదురుగా ఫోల్డర్‌లో ఉంది. ఇమేజ్ ఎట్టా కట్టాలో రాసుకునే డాకర్‌ఫైల్లో కాపీ లైను కూడా సరిగానే ఉంది. అప్పుడు ఇట్టా పోయాం:

డాకర్ కంపోజ్ రన్ --ఆర్ఎం --ఎంట్రీపాయింట్ ఎస్‌హెచ్ వెబ్

పాడైన స్క్రిప్ట్‌ని పక్కనపెట్టి నేరుగా షెల్ తెరుచుకుంది. లోపల ఫైల్ ఉంది, నడిపే అనుమతీ ఉంది. క్యాట్‌కి పెద్ద అక్షరంలో -ఏ పెట్టి చూస్తే ప్రతి లైను చివరా డాలర్ గుర్తుకి ముందు టోపీ గుర్తు, ఎం అక్షరం. విండోస్‌లో గిట్ లైన్ల చివరలు మార్చేసింది. మొదటి లైన్లో షెల్ దారి చివర ఆ కనబడని అక్షరం అంటుకోవడంతో, ఆ పేరుతో షెల్ ఎక్కడా లేదని లినక్స్ చెప్తోంది. లేదన్నది స్క్రిప్ట్ గురించి కాదు, దాన్ని నడపాల్సిన షెల్ గురించి. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్లో ఎస్‌హెచ్ ఫైళ్ళకి ఎల్ఎఫ్ (లినక్స్ తరహా) చివరలే ఉండాలని ఒక లైను రాసి, ఫైల్ మళ్ళీ తెప్పించుకుని బిల్డ్ చేస్తే లేచింది. ఎగ్జెక్‌తో ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

రన్ వాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. --ఆర్ఎం పెట్టకపోతే ప్రతిసారీ ఒక చచ్చిన కంటైనర్ మిగిలిపోతుంది, నెల తిరిగేసరికి గుట్ట అవుతుంది. పోర్టులు తెరుచుకోవు, బ్రౌజర్‌లో చూడాలంటే --సర్వీస్-పోర్ట్స్ కావాలి. ఆ సర్వీస్ ఆధారపడిన డేటాబేస్ లాంటివాటిని కూడా ఇది లేపుతుంది, అక్కర్లేదనుకుంటే --నో-డెప్స్. అన్నిటికంటే ముఖ్యం, ఇది వేరే కంటైనర్. నడుస్తున్న సర్వర్ తన టెంప్ ఫోల్డర్‌లో రాసుకున్నవి, దాని ప్రాసెస్‌లు, ఏవీ ఇక్కడ కనబడవు. సర్వర్‌లో మెమరీ ఎవరు తింటున్నారో రన్‌తో చూడబోతే ఖాళీ ఇల్లు చూసినట్టే.

రోజంతా లోపలే ఉండాలంటే: డెవ్ కంటైనర్

2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ తన వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌కి రిమోట్ ఎక్స్‌టెన్షన్లు తెచ్చాక ఈ దారి తెరుచుకుంది. ప్రాజెక్ట్‌లో డెవ్‌కంటైనర్ డాట్ జేసన్ అనే ఫైల్ పెడతాం. ఎడిటర్ ఆ ప్రకారం కంటైనర్ లేపి, తన సర్వర్ ముక్కని లోపల పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎడిటర్‌లో ఏ టెర్మినల్ తెరిచినా అది కంటైనర్ లోపలి షెల్లే. సరైన ఫోల్డర్‌లో, సరైన యూజర్‌గా తెరుచుకుంటుంది. గిట్ సెట్టింగులు కూడా తనే తెచ్చుకుంటుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఇది పెద్ద వరం. మా కావలి అమ్మాయికి మొదటి రోజే ఇది పెట్టిచ్చి ఉంటే ఆ సాయంత్రం ఫోన్ వచ్చేది కాదు.

అయినా అందరికీ ఇదే చెప్పను. లాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండి. 8 జీబీ విండోస్ మెషీన్లో డబ్ల్యూఎస్ఎల్ మామూలుగా సగం దాకా లాక్కుంటుంది, మిగతా సగంలో విండోస్, బ్రౌజర్, ఎడిటర్ ఇరుక్కోవాలి. ఫ్యాన్ హోరు తప్ప పని కదలదు. అట్టాంటి చోట ఎడిటర్ బయట, షెల్ కంపోజ్ ఎగ్జెక్‌తో, ఇదే మేలు. డబ్ల్యూఎస్ఎల్ వాడేవాళ్ళు ప్రాజెక్ట్‌ని సీ డ్రైవ్‌లో కాకుండా లినక్స్ వైపు హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఫైళ్ళు తెరుచుకునే వేగంలో తేడా చేత్తో పట్టుకున్నంత స్పష్టంగా తెలుస్తుంది. ఇమేజ్ ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌దైతే కొన్ని ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు, డెబియన్ లినక్స్‌లోని స్లిమ్ రకంతో ఆ ఇబ్బంది ఉండదు.

మొదటి బిల్డ్‌కి డౌన్‌లోడ్ బరువు ఎక్కువ. ఇంటి దగ్గర మొబైల్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్ళకి మేం చేసే పని ఒకటుంది. నెల్లూరులో ఫైబర్ ఉన్న మెషీన్ మీద ఇమేజ్ కట్టి, డాకర్ సేవ్‌తో ఒకే ఫైల్‌గా తీసి పెన్‌డ్రైవ్‌లో పంపిస్తాం. అవతల డాకర్ లోడ్ కొడితే దిగిపోతుంది.

ఎడిటర్ తెరవకుండా అదే పెట్టెలోకి పోవాలంటే డెవ్‌కంటైనర్ అనే కమాండ్‌లైన్ పనిముట్టు విడిగా ఉంది, దానిలోనూ ఎగ్జెక్ ఉంది.

ఏ షెల్, ఏ యూజర్

బాష్ దొరకలేదని ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు, అది ఆల్పైన్ ఇమేజ్ అయి ఉంటుంది. అందులో బాష్ ఉండదు, ఎస్‌హెచ్ ఉంటుంది. ఎస్‌హెచ్ కూడా లేదంటే డిస్ట్రోలెస్ రకం. అందులో షెల్ అనేదే పెట్టరు, ఎగ్జెక్‌కి తెరవడానికి ఏమీ ఉండదు. డాకర్ డెస్క్‌టాప్‌తో వచ్చే డాకర్ డీబగ్ అట్టాంటి చోటికి తన షెల్‌ని తనే మోసుకెళ్తుంది. రోజూ పనిచేసే ఇమేజ్‌కి మాత్రం బాష్ ఉన్నదే ఎంచుకోండి. కొన్ని మెగాబైట్లు మిగుల్చుకుని రోజూ అవస్థ పడటం ఎందుకు?

యూజర్ విషయం లినక్స్ లాప్‌టాప్‌లో బాగా తగులుతుంది. చాలా ఇమేజ్‌లలో ఎగ్జెక్ చేస్తే మనం రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్. లోపల డేటాబేస్ నిర్మాణం మార్చే మైగ్రేషన్ ఫైల్ పుట్టిస్తే అది బయట మన ఫోల్డర్‌లో కూడా రూట్ పేరుతోనే ఉంటుంది, ఎడిటర్ సేవ్ చేయనివ్వదు. -యూ పెట్టి మన యూజర్ నంబర్ ఇవ్వాలి. లినక్స్‌లో మొదటి యూజర్‌కి సాధారణంగా అది 1000, ఐడీ -యూ కొడితే మీది తెలుస్తుంది.

లోపల చేసిన మార్పులు

షెల్ చేతికొచ్చాక అందరికీ ఒక ఆశ పుడుతుంది. ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో ఒక ప్యాకేజీ వేసేసి, కాన్ఫిగ్‌లో ఒక లైను మార్చేసి, పని అయిపోయిందని లేచిపోవాలని. లోపల రాసిందంతా మార్కాపురం పలక మీద రాత. స్టాప్, స్టార్ట్ చేస్తే ఉంటుంది. కంపోజ్ డౌన్ కొట్టారో తడిగుడ్డతో తుడిచినట్టే. వాల్యూమ్‌లో, అంటే కంటైనర్ పోయినా డాకర్ విడిగా దాచే చోట, ఉన్నదీ, బయటి ఫోల్డర్ తగిలించిన చోట ఉన్నదీ మాత్రమే నిలుస్తుంది. అందుకని మా టీమ్‌లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. లోపల ఏది ప్రయత్నించినా సరే, పనిచేసిందని తేలగానే ఆ లైను డాకర్‌ఫైల్లోకి ఎక్కించి, మళ్ళీ బిల్డ్ చేసి చూశాకే అయిందనాలి. బాష్ హిస్టరీ కూడా పలక మీదే ఉంటుంది, దానికో చిన్న వాల్యూమ్ కేటాయిస్తే నిన్నటి ఆదేశాలు రేపటికీ దొరుకుతాయి.

ఎస్ఎస్‌హెచ్, కుబెర్నెటీస్

కంటైనర్‌లో ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి) సర్వర్ పెట్టమని చెప్పే పాత పాఠాలు ఇంకా తిరుగుతున్నాయి. 2014 అక్టోబర్‌లో డాకర్ 1.3తో ఎగ్జెక్ వచ్చింది, అంతకుముందు అట్టా చేసేవాళ్ళకి ఒక కారణం ఉండేది. ఇప్పుడు డెవలప్‌మెంట్ పెట్టెకి ఆ అవసరం లేదు. కీలు, పోర్టు, ఇంకో ప్రాసెస్, అన్నీ దండగ కాపలా. దూరపు సర్వర్‌లోని కంటైనర్‌లోకి పోవాలంటే సర్వర్‌కి ఎస్ఎస్‌హెచ్, అక్కణ్ణుంచి ఎగ్జెక్. డీడీఈవీ అనే డెవలప్‌మెంట్ పనిముట్టు వాడేవాళ్ళు కొట్టే డీడీఈవీ ఎస్ఎస్‌హెచ్ పేరుకే ఎస్ఎస్‌హెచ్, లోపల జరిగేది ఎగ్జెక్కే. లారవెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌తో వచ్చే సెయిల్‌లో సెయిల్ షెల్ కూడా అంతే.

చాలా మెషీన్ల మీద కంటైనర్లు నడిపే కుబెర్నెటీస్‌లో అయితే క్యూబ్‌సీటీఎల్ ఎగ్జెక్ -ఐటీ, తర్వాత పాడ్ (ఒకటో కొన్నో కంటైనర్ల గుంపు) పేరు, రెండు గీతలు, ఆ తర్వాత బాష్. పాడ్‌లో రెండు కంటైనర్లుంటే -సీ పెట్టి ఏదో చెప్పాలి. షెల్ లేని ఇమేజ్ అయితే క్యూబ్‌సీటీఎల్ డీబగ్. మా అంత టీమ్‌కి ఇంతకంటే పని పడలేదు.

తెలుగు ఫైల్ పేర్లు

ఇది మన దగ్గర పనిచేసేవాళ్ళకే తగిలే సంగతి. ఒక రైతు సంఘం నుంచి వచ్చిన ఎక్సెల్ లెక్కల్ని మండలం పేరుతో తెలుగులోనే సేవ్ చేసి పంపారు. ఎగ్జెక్‌తో లోపలికి పోయి ఎల్ఎస్ కొడితే ఫైళ్ళ పేర్లకి బదులు డాలర్ గుర్తు, కొటేషన్, వెనక్కి వాలిన గీతల మధ్య 340, 260, 250 అంటూ అంకెలు బారులు తీరాయి. ఫైల్ పాడైందేమోనని కావలి అమ్మాయి మళ్ళీ తెప్పించుకుంది కూడా. పాడవలేదు. న అనే అక్షరం యూటీఎఫ్-8లో మూడు బైట్లు, వాటిని అష్టాంశ పద్ధతిలో రాస్తే 340, 260, 250. కంటైనర్‌లో భాష చెప్పే లాంగ్ (పెద్ద అక్షరాల్లో) అనే వేరియబుల్ ఖాళీగా ఉండటంతో, అవి తెలుగు అక్షరాలని ఎల్ఎస్‌కి తెలియక బైట్లను అట్టాగే పరిచేసింది.

అప్పటికప్పుడు చూడాలంటే ఎగ్జెక్‌లో -ఈ పెట్టి లాంగ్ విలువ సీ డాట్ యూటీఎఫ్-8 (ఇవీ పెద్ద అక్షరాలే) అని ఇస్తే సరిపోతుంది. డెబియన్ ఇమేజ్‌లో దానికోసం ఏ ప్యాకేజీ వేయనక్కర్లేదు. ఆ తర్వాత అదే లైను డాకర్‌ఫైల్లో ఈఎన్‌వీ కింద పెట్టి బిల్డ్ చేశాం. తను మళ్ళీ లోపలికి పోయి ఎల్ఎస్ కొట్టి స్క్రీన్‌షాట్ పంపింది. విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు, కోట, ఒకదాని కింద ఒకటి, శుభ్రంగా తెలుగులో.